ఇవాన్ పావ్లోవ్: శునకములు నేర్పిన మనశ్శాస్త్రము

మధ్యాహ్నపు గంట గణగణ మ్రోగినతోడనే తరగతిలోని బాలుర చూపులు పుస్తకములను విడిచి గుమ్మమువైపు పరుగెత్తును. కొందరి నోట నీరూరును. భోజనపు గిన్నె మూత ఇంకను తీయలేదు. అన్నపు వాసనయైనను ముక్కునకు సోకలేదు. ఆవకాయ యను మాట చెవిని బడినంతనే తెలుగువాని నాలుక తడియగుట యెల్లరు నెరిగినదే. గంట కంచులో నున్నది. ఆకలి కడుపులో నున్నది. ఈ రెంటికిని చుట్టరిక మెట్లు కుదిరెను? ప్రశ్న మిక్కిలి చిన్నది. నవ్వి యూరకుండువారే లోకమున నెక్కువ. కాని యీ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుటకై తన జీవితములో ముప్పదేండ్లకు పైగా ధారవోసిన మహాపురుషు డొకడు గలడు. అతడే రష్యాదేశీయుడైన ఇవాన్ పెట్రోవిచ్ పావ్లోవ్. అతని చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

పావ్లోవ్ 1849వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన రియాజాన్ అను పట్టణమున జన్మించెను. తండ్రి ప్యోటర్ ద్మిత్రియెవిచ్ ఆ యూరి దేవాలయమున పురోహితుడు. ఇంట ధనము కొలది, సంతానము మెండు. ఇవాను అందరిలో పెద్దవాడు. తండ్రికి పుస్తకములన్నను తోటపనియన్నను ప్రాణము. ఏ గ్రంథమునైనను రెండు పర్యాయములు చదువవలెనని అతడు కుమారునకు నియమము పెట్టెనని చెప్పుదురు. మొదటి పఠనమున కథ తెలియును. రెండవ పఠనమున మర్మము తెలియును. ఈ యలవాటే తరువాత ప్రయోగశాలలోను పావ్లోవును విడువలేదు. ఒకమారు కనబడినదానిని అతడు నమ్మెడివాడు కాడు. మరల మరల చూచినగాని తృప్తినొందెడివాడు కాడు.

బాల్యమున అతనికొక గొప్ప యాపద సంభవించెను. ఎనిమిదేండ్ల ప్రాయమున ఎత్తయిన తావునుండి రాతినేలపై బడి మిక్కిలి గాయపడెను. పెక్కుకాలము దేహమున బలము చేరలేదు. పాఠశాలలో చేరుట పదునొకండవయేటికి గాని సాధ్యపడలేదు. ఒక మఠాధిపతి, అతనికి ధర్మపిత, ఆ బాలుని తన యొద్ద నుంచుకొని వ్యాయామముచేతను తోటపనిచేతను తిరిగి యారోగ్యవంతునిగా జేసెను. తోటివారికన్న ఆలస్యముగా చదువు మొదలుపెట్టిన యీ బాలుడే తరువాత రష్యాదేశమునకు మొట్టమొదటి నోబెల్ బహుమానమును తెచ్చెను. చదువున వెనుకబడితిమని దిగులుపడు బాలురు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక.

తండ్రివలెనే పురోహితుడు కావలెనని అతనిని వేదాంత విద్యాలయమున జేర్చిరి. అక్కడనే అతని జీవితము మలుపు దిరిగెను. సేచెనోవ్ అను రష్యను శాస్త్రవేత్త 1863లో మెదడుయొక్క ప్రతిచర్యలను గూర్చి యొక గ్రంథము వ్రాసియుండెను. మానవుని తలపులు సైతము శరీరధర్మములను బట్టి పరిశీలింపదగినవని అందలి వాదము. ఆ చిన్న పుస్తకము పావ్లోవు మనస్సున నాటుకొనెను. 1870లో అతడు విద్యాలయమును విడిచి, రాజధానియైన సెంట్ పీటర్స్‌బర్గునకు బోయి విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రములు చదువసాగెను. అచ్చట త్సియోన్ అను ఆచార్యుడు అతనికి శరీరధర్మశాస్త్రమునందు ఆసక్తిని, శస్త్రము పట్టుటయందు నేర్పును గలిగించెను. క్లోమమునకు బోవు నరములనుగూర్చి చేసిన పరిశోధనకు విద్యార్థిదశయందే బంగారు పతకము లభించెను. పిమ్మట వైద్యవిద్య నభ్యసించి 1879లో పట్టము పొందెను.

1881లో సెరాఫిమా వాసిల్యెవ్నా అను విదుషీమణిని వివాహమాడెను. ఆ దంపతుల తొలినాళ్లు కడు బీదరికమున గడచెను. ఇల్లు గడచుట కష్టమై భార్య యొకచోట, భర్త యొకచోట నుండవలసిన దినములును గలవు. తొలిబిడ్డ పసితనముననే మరణించెను. శిష్యులు అతని బీదరికమును జూచి ఉపన్యాసముల పేర కొంత సొమ్ము ప్రోగుచేసి యిచ్చిరట. పావ్లోవు ఆ సొమ్ముతో ప్రయోగశాలకు కుక్కలను కొని తెచ్చెనట! సంసారి చేయదగిన పని యిది యగునా కాదా యని చదువరులే విచారింతురు గాక. ఇంటి బరువునంతయు మోసి అతనిని నిశ్చింతగా పనిచేయనిచ్చిన ఆ యిల్లాలి పేరు శాస్త్రగ్రంథములలో కానరాదు. ఐనను ఆ కీర్తిలో సగపాలు ఆమెదే.

1884 మొదలు 1886 వరకు జర్మనీదేశమున హైడెన్‌హైన్, లూడ్విగ్ అను ప్రసిద్ధాచార్యులయొద్ద శిక్షణ పొంది స్వదేశమునకు మరలెను. 1890లో సైనిక వైద్య కళాశాలలో ఆచార్యపదవియు, 1891లో నూతనముగా స్థాపింపబడిన ప్రయోగాత్మక వైద్యసంస్థలో శరీరధర్మశాఖను నెలకొల్పు బాధ్యతయు లభించెను. అప్పటికి అతనికి నలుబదియొక్క యేండ్లు.

అంతకు బూర్వము శాస్త్రజ్ఞులు జంతువును కోసి, అది ప్రాణముతో కొట్టుకొనుచుండగా లోని యవయవములను చూచెడివారు. బాధచేత విలవిలలాడు ప్రాణి కడుపు సహజముగా పనిచేయునా యని పావ్లోవు సందేహించెను. కావున అతడు మనుష్యులకు చేయునంత శుభ్రతతో కుక్కలకు శస్త్రచికిత్స చేసి, గాయము మానిన పిదప, అది తిరిగి తిని తిరుగాడు స్థితికి వచ్చిన తరువాతనే పరిశీలనము ప్రారంభించెను. జఠరములో కొంతభాగమును చిన్న సంచివలె వేరుచేసి, అందూరు రసమును బయటికి రప్పించి కొలిచెను. మరియొక ప్రయోగమున అన్నవాహికను మెడయొద్ద వెలుపలికి దెరచెను. కుక్క ఆబగా మాంసము తినుచునే యుండును. తిన్నదంతయు మెడయొద్దనుండి క్రిందపడిపోవును. కడుపులోనికి ఒక్క తునకయు పోదు. ఐనను కొన్ని నిమిషములలో జఠరరసము ధారగా స్రవింపసాగును! నోటికి రుచి తగిలినంతనే మెదడు నరములద్వారా కడుపునకు ఆజ్ఞ పంపుచున్నదని దీనివలన తేటపడెను. ఈ పరిశోధనలను 1897లో గ్రంథముగా వెలువరించెను. 1904లో నోబెల్ బహుమానము అతనిని వరించెను.

ఇక అసలు కథ. బహుమానము వచ్చుటకు ముందునుండియే ఒక చిన్న చిక్కు అతని ప్రయోగశాలను పీడించుచుండెను. కుక్క నోట ఆహారము పెట్టినప్పుడు ఎంత లాలాజల మూరునో కొలుచుట పని. కాని యలవాటుపడిన కుక్కలు ఆహారము పెట్టకమునుపే చొంగ కార్చసాగెను. అన్నము తెచ్చు సేవకుని అడుగుల చప్పుడు వినబడిన చాలు, ఖాళీగిన్నె కనబడిన చాలు, నోరూరెడిది. కొలతలన్నియు తారుమారగుచుండెను. మరియొకడైనచో సేవకుని మార్చియో గిన్నెను దాచియో ఆ చిక్కును వదలించుకొనియుండును. పావ్లోవు అట్లు చేయలేదు. తన పనికడ్డుపడిన ఆ విఘ్నమునే తన పనిగా మార్చుకొనెను. ఏబదియేండ్లు దాటి, కీర్తి సంపాదించిన శాస్త్రమును ప్రక్కకు బెట్టి, క్రొత్తదారి త్రొక్కుటకు ఎంత ధైర్యము కావలెనో యోచింపుడు. మిత్రులు వలదనిరి, అతడు వినలేదు.

మొదట అతడును తోటివారును కుక్క ఏమి కోరుచున్నదో, ఏమి జ్ఞాపకము తెచ్చుకొనుచున్నదో ఊహింప బ్రయత్నించిరి. ఒకరి యూహ యొకరికి సరిపడలేదు. కుక్క మనస్సులోనికి దూరి చూచిన వా డెవడు? అందుచేత పావ్లోవు ఒక కఠిననియమ మేర్పరచెను. కంటికి గనబడునది, కొలతకు వచ్చునది మాత్రమే లెక్క. కుక్క తలచెను, కోరెను అను మాటలు ప్రయోగశాలలో వినబడరాదు. లాలాగ్రంథి నాళమును చెక్కిలిమీదికి తెరచి, ఊరు చుక్కలను ఒక్కొక్కటిగా లెక్కించిరి. 1903లో స్పెయిన్‌దేశపు మాడ్రిడ్ నగరమున జరిగిన వైద్యమహాసభలో ఈ నూతనమార్గమును లోకమునకు వెల్లడించెను.

ప్రయోగము వినుటకు సులభము. తాళము వేయు యంత్రమును టిక్కుటిక్కుమనిపించిరి. కుక్క చెవులు రిక్కించెను గాని చొంగ కార్చలేదు. పిమ్మట ఆ చప్పుడైన కొద్ది క్షణములకే ఆహారము పెట్టిరి. ఇట్లు అనేక పర్యాయములు చేసిన తరువాత చప్పుడు మాత్రమే వినిపించి ఆహారము మానిరి. కుక్క నోట చుక్క లూరెను! ఆహారము నోట బడినప్పుడు నీరూరుట పుట్టుకతో వచ్చినది. చప్పుడునకు నీరూరుట నేర్చుకొన్నది. ఒక నిబంధనకు లోబడినది. కావున దీనికి నిబంధిత ప్రతిచర్య యని పేరు. లోకమున పావ్లోవు పేరు చెప్పగానే గంట జ్ఞప్తికి వచ్చును. నిజమునకు అతని ప్రయోగశాలలో తాళయంత్రము, దీపపు వెలుగు, చర్మముపై స్పర్శ మున్నగునవే ఎక్కువగా వాడబడెను.

ఈ బీజమునుండి పెక్కు నియమములు మొలకెత్తెను. చప్పుడు ముందు, ఆహారము వెంటనే తరువాత రావలెను. క్రమము తప్పినచో ముడి బిగియదు. చప్పుడు చేసి చేసి ఆహారము పెట్టకున్నచో చుక్కలు తగ్గి తుదకు నిలిచిపోవును. కాని కొంతసేపు విశ్రాంతి నిచ్చి మరల చప్పుడు చేసినచో పోయిన యలవాటు తలయెత్తును. కనుక మరచుట యనగా తుడిచివేయుట కాదు, అణచియుంచుట యని పావ్లోవు గ్రహించెను. విడిచితిననుకొన్న చెడ్డయలవాటు కొన్నాళ్లకు మరల పైకివచ్చుట మనలో నెందరికి అనుభవము కాదు? మరియొకటి: ఒక స్వరమునకు అలవాటుపడిన కుక్క దానిని బోలిన వేరుస్వరములకును చొంగ కార్చును. పాము కరచినవాడు త్రాటిని జూచి యదరిపడునని మన పెద్దలు చెప్పు సామెతలోని సత్య మిదియే.

వీనికన్న విస్మయము గొల్పునది 1914లో వెల్లడియైన ప్రయోగము. ఒక కుక్కకు వృత్తాకారమును చూపి ఆహారము పెట్టిరి. కోడిగ్రుడ్డు ఆకారమును చూపి పెట్టలేదు. అది రెంటికిని భేదము చక్కగా నేర్చుకొనెను. తరువాత ఆ గ్రుడ్డు ఆకారమును దినదినమును వృత్తమునకు దగ్గరగా తెచ్చిరి. పొడవు 9 పాళ్లు, వెడల్పు 8 పాళ్లు అగువరకు తెచ్చునప్పటికి కుక్కకు భేదము తెలియుట దుర్లభమయ్యెను. అప్పటివరకు సాధువుగా నున్న ఆ జంతువు కీచుమని యరచుచు, పెనగులాడుచు, యంత్రపు సామగ్రిని కొరుకసాగెను. మునుపు తేలికగా నేర్చిన పాఠమును సైతము మరచిపోయెను. దాని నెవ్వరును కొట్టలేదు, తిట్టలేదు. శక్తికి మించిన ప్రశ్న మాత్రమే అడిగిరి. ప్రాణిని చెరచుటకు దెబ్బలే యక్కరలేదని ఈ కుక్క చెప్పక చెప్పినది.

1917 తరువాత రష్యాలో విప్లవము, అంతర్యుద్ధము, కరవు చెలరేగెను. ప్రయోగశాలలో దీపము లేదు, కట్టెలు లేవు. కుక్కలు ఆకలిచే చచ్చెను. డెబ్బదేండ్ల వృద్ధుడు కూరగాయలు స్వయముగా పండించుకొనెను. అతడు దేశమును విడిచిపోవునేమో యని భయపడి, 1921 జనవరిలో లెనిన్ ప్రత్యేకశాసనముచే అతని పరిశోధనకు సౌకర్యములు కల్పించెను. పావ్లోవు ఆ సౌకర్యములను వాడుకొనెను గాని నోరు మూసికొనలేదు. ప్రభుత్వము చేయు తప్పులను బాహాటముగా ఖండించుచునే యుండెను. 1924లో పురోహితుల కుమారులను సైనిక వైద్య కళాశాలనుండి వెడలగొట్టినప్పుడు, తానును పురోహితుని కుమారుడనే యని చెప్పి అచ్చటి యాచార్యపదవిని త్యజించెను. భయమునకు ప్రాణులెట్లు లోబడునో పరిశోధించినవాడు తాను మాత్రము భయమునకు లోబడలేదు.

ఆ 1924వ సంవత్సరముననే సెప్టెంబరు 23వ తేదీన లెనిన్‌గ్రాడునకు గొప్ప వరద వచ్చెను. కుక్కల బోనులు నీట మునుగసాగెను. బోనుల ద్వారములు క్రిందిభాగమున నుండుటచే సేవకులు కుక్కల తలలను నీటిలో ముంచి వెలుపలికి లాగవలసివచ్చెను. ప్రాణములు దక్కెను. కాని కొన్ని దినములకు పరీక్షింపగా కొన్ని కుక్కలు నేర్చిన ప్రతిచర్యలను పోగొట్టుకొనియుండెను. మెల్లమెల్లగా కోలుకొన్న యొక కుక్క, తలుపు క్రిందనుండి సన్నని నీటిధార లోనికి రాగానే మరల గడగడ వణకి పాఠము మరచెను. మహాభయము చొచ్చిన మనస్సున ఎంత పాతగాయ మెంతకాలము పచ్చిగా నుండునో అప్పుడు పావ్లోవునకు ప్రత్యక్షమయ్యెను. యుద్ధములను, తుపానులను దాటివచ్చినవారి బాధ తెలిసికొనుటకు ఇట్టి పరిశీలనలు తోడ్పడెను.

ఇతని సిద్ధాంతము మనుష్యులయెడల నెట్లు వర్తించునో అమెరికాలో పరీక్షించిరి. 1920లో వాట్సన్, రేనర్ అను నిరువురు ఏడాది నిండని శిశువుముందు తెల్లని యెలుకను విడిచిరి. శిశువు జంకులేక చేయి చాచెను. అతడు దానిని తాకునప్పుడెల్ల వెనుకనుండి ఇనుపకడ్డీని సుత్తితో మోదిరి. కొలది పర్యాయములకే ఎలుకను చూచిన మాత్రాన ఏడ్చెను. తరువాత కుందేలును, బొచ్చుచొక్కాను జూచియు ఏడ్చెను. ఆ భయమును పోగొట్టకయే ఆ బిడ్డను పంపివేసిరి. ఇది నీతికి విరుద్ధమని నేడు ఎల్లరు నంగీకరింతురు. ఇట్టి ప్రయోగములను నేటి శాస్త్రలోకము అనుమతింపదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అను స్త్రీ దీనికి మారుగా నొక దయగల ప్రయోగము చేసెను. కుందేలన్న బెదరు మూడేండ్ల ప్రాయపు బాలుడు ఇష్టమైన తినుబండారము తినుచుండగా, కుందేలును దూరముననుంచి దినదినము కొంచెము దగ్గరకు దెచ్చెను. తుదకు ఆ బాలుడు దానిని చేతితో నిమిరెను. నేర్చిన భయమును నేర్పుతో మాన్పవచ్చునని తేలెను. నేటి మానసిక వైద్యమున భయరోగములకు చేయు చికిత్స కిదియొక పునాది.

ఐతే మానవుడు కేవలము చొంగ కార్చు యంత్రమేనా? అట్లని పావ్లోవే తలపలేదు. మాటలనునవి మానవునకు మాత్రమే గల రెండవ సంకేతవ్యవస్థ యని, దానిచేతనే మానవుడు తక్కిన ప్రాణులకన్న వేరగుచున్నాడని వార్ధక్యమున బోధించెను. అతని తరువాతి శాస్త్రజ్ఞులు అతని నియమములను సవరించిరి. 1966లో గార్సియా అను శాస్త్రవేత్త ఎలుకలపై పరిశోధించి, అవి కడుపునొప్పిని తిన్నదాని రుచితో ముడిపెట్టుకొనునుగాని వెలుగుతోను చప్పుడుతోను అంత సులభముగా ముడిపెట్టుకొనవని చూపెను. ఏదైనను దేనితోనైనను సమముగా ముడివడునన్న భావము దీనితో సడలెను. గురువు చెప్పినదానిని పరీక్షించి సవరించుటయే పావ్లోవు నేర్పిన మార్గము గనుక ఇది యతనికి అవమానము గాదు.

అతని కీర్తికి మూలమైన మూగప్రాణులను మరువరాదు. ఆ కుక్కలు కోరి వచ్చినవి కావు. వాని బాధను తలచినప్పుడు మన మనస్సు కలగక మానదు. పావ్లోవునకును ఆ ఋణము తెలియును. 1935లో అతని కోరికపై లెనిన్‌గ్రాడులోని పరిశోధనాసంస్థ తోటలో ఒక కుక్కకు స్మారకచిహ్నము ప్రతిష్ఠించిరి. ఆ యేడే ప్రపంచ శరీరధర్మశాస్త్ర మహాసభకు అతడు అధ్యక్షత వహించెను.

1936 ఫిబ్రవరి 27వ తేదీన ఊపిరితిత్తుల వాపుచే 86వ యేట పావ్లోవు దేహము చాలించెను. కన్నుమూయుటకు ముందు శాస్త్రము చదువు యువకులకొరకు ఒక లేఖ వ్రాసియుంచెను. అందు మూడు గుణములను కోరెను. మొదటిది క్రమము: మొదటిమెట్టు ఎక్కక రెండవమెట్టుపై కాలు మోపవలదు. రెండవది వినయము: అంతయు తెలిసెనని ఎన్నడును తలపవలదు. మూడవది ఆసక్తి: శాస్త్రము మనుష్యుని యావజ్జీవమును కోరును.

మనము గ్రహింపవలసినది మరియొకటి గలదు. పుస్తకము చేతబట్టిన ప్రతిపర్యాయమును బాలునిపై బెత్తము పడినచో, బెత్తపు భయము పుస్తకమున కంటుకొనును. బెత్తము విరిగిపోయిన యేండ్లకును ఆ భయము విరుగదు. పుస్తకముతోపాటు ఒక మంచిమాట లభించినచో ఆ మాటలోని తీపి అక్షరముల కంటుకొనును. ప్రతిదినము మనము తెలియకయే ఒకరి మనస్సున నొకరము ముడులు వేయుచున్నాము. ఉపాధ్యాయుడు శిష్యుని మనస్సున వేయుచున్నాడు. అన్న తమ్ముని మనస్సున వేయుచున్నాడు. బడిలో బలవంతుడు బలహీనుని మనస్సున వేయుచున్నాడు. ఆ ముడులు ఎంత సులభముగా పడునో, విప్పుట కెంత యోర్పు కావలెనో ఆ మూగజీవములు మనకు సాక్ష్యమిచ్చినవి. రేపు మధ్యాహ్నపు గంట మ్రోగి మీ నోట నీరూరినప్పుడు, సోదరవిద్యార్థులారా, నవ్వుకొనుడు. పిమ్మట ఒక్కక్షణము ఈ సంగతి తలచుకొనుడు.